ఖాళీ వేరు, సున్నా వేరు: మీ వార్డు ఆరోగ్య లెక్కల్లో మీరున్నారా?

తిరుపతిలో ఎండలు మొదలైపోయినాయి. వెనకాల ఫ్యాన్ సౌండ్ వినిపిస్తే కొంచెం సర్దుకోండి, అది ఆపితే నేను పది నిమిషాలు కూడా కూర్చోలేను.

ఈరోజు టాపిక్ పేరు ముందే చెప్తే సగం మంది పైకి తోసేసి ఇంకో వీడియోకి పోతారు. అందుకే ముందు ఒక తప్పు గురించి చెప్తా. ఆ తప్పు చేసింది ఇంకెవరో కాదు, నేనే.

బీటెక్ అయినాక బెంగళూరులో నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినానని మీకు తెలుసు కదా. అందులో ఒక ప్రాజెక్టు ఆరోగ్య సర్వేది. మన రాష్ట్రానిది కాదు, వేరే చోటిది. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ పోయి ట్యాబ్‌లో వివరాలు ఎక్కిస్తారు. బీపీ ఉందా, షుగర్ ఉందా, రెండు వారాలకి మించి దగ్గు ఉందా, ఇట్లాంటివి. అవన్నీ మ్యాప్ మీద వీధుల వారీగా కనపడాలి. జబ్బులు ఎక్కువుంటే ఎరుపు, తక్కువుంటే పచ్చ. ఆ మ్యాప్ తయారుచేసిన టీంలో నేనూ ఒకణ్ణి.

డేటా వచ్చింది. చూస్తే బోలెడు గళ్లు ఖాళీ. కార్యకర్త పోయినప్పుడు ఇంటికి తాళం వేసుంటే ఏం రాస్తారు? 'డోర్ లాక్' అని పెట్టి పక్కింటికి పోతారు. దగ్గు ఉందా అనే ప్రశ్నకి జవాబు ఉండదు. ఆ ఖాళీల వల్ల నా ప్రోగ్రామ్ ఎర్రర్ ఇస్తా ఉంది. సాయంత్రం నాలుక్కి డెమో. నేనేం చేసినా? ఒకే ఒక్క లైన్ రాసినా. ఖాళీ ఎక్కడుంటే అక్కడ సున్నా పెట్టు అని. అంతే, ఎర్రర్ పోయింది. మ్యాప్ అంతా పచ్చగా, చూడ్డానికి ముచ్చటగా వచ్చింది. డెమో సూపర్. టీం అంతా కేక్ తిన్నాం.

కోడింగ్ తెలిసినోళ్లు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. తెలియనోళ్లకి ఒక ఉదాహరణ చెప్తా. పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్నోడు వేరు, అసలు పరీక్షకే రానోడు వేరు. మొదటోడి గురించి మనకి ఒక విషయం తెలుసు, వాడికి ఆ సబ్జెక్టు రాదు. రెండోవాడి గురించి మనకి ఏమీ తెలియదు. వాడు క్లాస్ ఫస్ట్ కావచ్చు, జ్వరమొచ్చి పడుకుని ఉండొచ్చు. మార్కుల లిస్టులో ఇద్దరికీ సున్నా వేస్తే ఎట్లుంటుందో, నేను చేసింది అట్లుంది. తలుపు తాళం ఉన్న ప్రతి ఇంట్లోనూ అందరూ ఆరోగ్యంగా ఉన్నారని నా కోడ్ చెప్పేసింది.

అది తప్పని నాకు అప్పుడే తెలుసు. కాకపోతే చిన్న తప్పు అనుకున్నా. అది ఎంత పెద్దదో మా చిన్నమామ వల్ల తెలిసింది.

రెండు లిస్టుల మధ్యలో మా మామ

మా అమ్మకి కడగొట్టు తమ్ముడు. సొంతూరు పలమనేరు దగ్గర పల్లె. తిరుపతిలో ఒక మెస్‌లో వంటమాస్టరు. బస్టాండు వెనకాల ఒక గది అద్దెకి తీసుకుని మామ, అత్త, నాలుగేళ్ల పాప ఉంటారు. తెల్లారి నాలుక్కి ఇల్లు వదిలితే రాత్రి పదికి వస్తాడు. అత్త కూడా అదే మెస్‌లో కూరగాయలు తరుగుతుంది, పాపని వెంట తీసుకుపోతుంది.

మామకి దగ్గు పట్టుకుంది. పొయ్యి పొగ, పోపు ఘాటు, వంటోళ్లకి దగ్గు కొత్తేం కాదని వదిలేసినాడు. మెడికల్ షాపులో అడిగితే సిరప్ ఇచ్చినారు. తగ్గలేదు. ఇంకో సిరప్. మళ్లీ ఇంకోటి. రెండు నెలలు గడిచిపోయినాయి. ఒక పెళ్లిలో మా అమ్మ చూసింది. చొక్కా వదులైపోయి, కంఠం దగ్గర ఎముకలు తేలి ఉన్నాయి.

"ఏందిరా ఇట్లైపోయినావు? అన్నం తింటా ఉండావా లేదా?" అనింది.

"ఊరందరికీ వండి పెట్టేదే సరిపోతా ఉంది అక్కా" అని నవ్వినాడు.

మా అమ్మ నవ్వలేదు. మర్నాడే నన్ను తోడిచ్చి ప్రభుత్వ ఆస్పత్రికి పంపింది. కళ్లె పరీక్ష చేసినారు. టీబీ.

మందులు ఉచితం, వెంటనే మొదలుపెట్టినారు. ఆరు నెలల కోర్సు. పాపని కూడా చూసినారు. ఐదేళ్ల లోపు పిల్లలు టీబీ ఉన్నోళ్లతో ఒకే ఇంట్లో ఉంటే, వాళ్లకి జబ్బు లేదని తేలినా ముందుజాగ్రత్త మందు ఇస్తారు. అదీ మొదలైంది.

అప్పుడు నాకొక డౌటొచ్చింది. ఇన్ని ఇంటింటి సర్వేలు జరుగుతా ఉంటే మామని ఎవరూ అడగలేదా? అడిగి చూసినా. పల్లెలో మామ రేషన్ కార్డు ఉన్న ఇంట్లో 'ఊర్లో లేరు' అని ఉంది. తిరుపతి గదికి వచ్చినప్పుడల్లా తాళం. పల్లె లిస్టులో ఆయన పేరుంది, మనిషి లేడు. సిటీలో మనిషున్నాడు, లిస్టులో పేరు లేదు. రెండు చోట్లా ఆయన దగ్గు ఖాళీ గడే.

ఆ సర్వే యాప్ నేను రాసింది కాదు. కానీ నేను రాసిన దాంట్లో అయినా మామ ఇట్లే మాయమైపోయి ఉండేవాడు. పైగా ఆ ఖాళీని నేను పచ్చ రంగు వేసి చూపించి ఉండేవాణ్ణి.

ఇదండీ ఈరోజు టాపిక్. వీధి లెక్కలు, వార్డు లెక్కలు ప్రజారోగ్యానికి ఎట్లా పనికొస్తాయి, ఎప్పుడు పనికిరాకుండా పోతాయి.

సున్నాని చూసి ఆగినాయన

ఈ సబ్జెక్టు మీద ఎవరు వీడియో చేసినా లండన్ కథతోనే మొదలుపెడతారు. 1854లో సోహో ప్రాంతంలోని బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల కలరా వచ్చి పది రోజుల్లో 500 మందికి పైగా పోయినారు. డాక్టర్ జాన్ స్నో చావులన్నీ మ్యాప్ మీద గుర్తుపెట్టి, అవి ఒక నీళ్ల పంపు చుట్టూ ఉన్నాయని చూపించినాడు. సెప్టెంబర్ 8న ఆ పంపు హ్యాండిల్ తీసేసినారు. ఇంతవరకే అందరూ చెప్తారు.

నాకు నచ్చింది దాని తర్వాత భాగం. ఆ పంపుకి పక్కనే ఒక బీరు ఫ్యాక్టరీ ఉంది, డెబ్బైకి పైగా పనివాళ్లు. అక్కడ ఒక్కరూ చనిపోలేదు. దగ్గర్లోనే దిక్కులేని పేదల్ని ఉంచే పెద్ద సత్రం ఉంది, 535 మంది ఉంటే చనిపోయింది ఐదుగురే. పంపే కారణమైతే పక్కనున్న వీళ్లెందుకు బతికినారు? స్నో అక్కడికి పోయి అడిగినాడు. ఫ్యాక్టరీలో పనోళ్లకి బీరు ఊరికే ఇస్తారు, పంపు నీళ్లు తాగరు. సత్రానికి సొంత బావి ఉంది. అంటే ఆ సున్నా నిజమైన సున్నా. అడిగి తెలుసుకున్న సున్నా. అదే ఆయన వాదనకి బలమైంది.

నేను ఎర్రర్ పోవాలని సున్నా పెట్టినా. ఆయన సున్నా కనపడితే కాళ్లకి పని చెప్పినాడు. తేడా అదే.

మన మదనపల్లెలో ఏం జరిగింది?

లండన్ దాకా ఎందుకు, మన పక్కనే అంతకంటే పెద్ద కథ ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం పేరు విన్నారా? 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయేదాకా మదనపల్లె మన చిత్తూరు జిల్లానే కదా. అక్కడ 1915లో టీబీ శానిటోరియం మొదలైంది. శానిటోరియం అంటే టీబీ రోగుల్ని నెలల తరబడి ఉంచి, మంచి గాలి, విశ్రాంతి, తిండి ఇచ్చి చూసుకునే చోటు. అప్పటికి టీబీకి మందే లేదు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపినారు. తర్వాత అక్కడ పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ ఢిల్లీ వెళ్లి భారత ప్రభుత్వానికే టీబీ సలహాదారు అయినారు.

ఆస్పత్రిలో కూర్చుంటే ఎవరు కనపడతారు? ఆస్పత్రి దాకా రాగలిగినోళ్లే. రాలేనోళ్లు ఎంతమందో ఆస్పత్రి రిజిస్టర్ చెప్పదు. 1950లో ఆరోగ్యవరం డాక్టర్లు ఆ రిజిస్టర్ పక్కనపెట్టి ఊళ్లలోకి నడిచినారు. పెద్దాయన కొడుకు డాక్టర్ యోహనెస్ ఫ్రిమోట్ మోలర్ దీనికి నాయకత్వం. మదనపల్లె పట్టణంలో, చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ జనాభా లెక్క రాసినారు. చర్మం కింద చేసే టీబీ పరీక్ష, బండిలో పెట్టుకుని తిప్పే ఎక్స్‌రే. ఒకసారి చేసి వదిలెయ్యలేదు, మళ్లీ మళ్లీ అవే ఊళ్లకి తిరిగినారు. 1950 నుంచి 1955 దాకా జరిగిన ఆ పని 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వంద పేజీలకి పైగా అచ్చయింది. ఇంటర్నెట్ లేదు, ట్యాబ్ లేదు, మన పల్లెల మట్టిదారుల్లో ఎక్స్‌రే బండి!

ఆ రోజుల్లో టీబీ అంటే పట్నం జబ్బు, మిల్లుల జబ్బు అనే నమ్మకం ఉండేది. 1955-58 మధ్య దేశమంతా పెద్ద సర్వే చేసినారు. పల్లెల్లో కూడా పట్నాల్లో ఉన్నంత టీబీ ఉందని తేలింది. పల్లెల్లో అన్నాళ్లూ కనపడింది సున్నా కాదు, ఖాళీ.

ఇంకొక్క అధ్యయనం చెప్తా. ఇది వింటే మీకు మా మామ గుర్తొస్తాడు. బెంగళూరులో 1959లో జాతీయ క్షయ సంస్థ పెట్టినారు. అక్కడి దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే ఇద్దరు తుమకూరు జిల్లాలో పరిశోధన చేసినారు. సర్వేలో టీబీ ఉందని తేలినోళ్ల ఇళ్లకి పోయి మాట్లాడినారు. అంతకుముందు పెద్దలంతా అనేదేంది? 'పల్లెటూరోళ్లకి అవగాహన లేదు, అందుకే ఆస్పత్రికి రారు' అని. తేలిందేంది? ఎక్కువమందికి ఒంట్లో బాగోలేదని తెలుసు. సగానికి పైగా అప్పటికే ఆస్పత్రి గడప తొక్కినారు. చాలామందికి దగ్గు మందు సీసా చేతిలో పెట్టి పంపేసినారు!

అంటే లోపం జనం అవగాహనలో లేదు. వచ్చినోళ్లకి కళ్లె పరీక్ష చేయకపోవడంలో ఉంది. మద్రాసులో 1959లో వచ్చిన ఇంకో అధ్యయనం, ఇంటి దగ్గర మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత బాగానే నయమవుతుందని చూపించింది. ఇట్లాంటివన్నీ కలిసి 1962లో జాతీయ క్షయ కార్యక్రమం వచ్చింది. టీబీకి వేరే కోటలాంటి ఆస్పత్రి కాదు, మామూలు ప్రభుత్వ ఆస్పత్రిలోనే పరీక్ష, మందు ఇంటికి. మా మామ ఈరోజు ఉద్యోగం పోకుండా ఇంటి నుంచే మందులు వాడుకున్నాడంటే దాని వెనకాల మదనపల్లె, తుమకూరు, మద్రాసు వీధుల లెక్కలు ఉన్నాయి.

తలుపు పక్కన చాక్‌పీసు గుర్తు

సరే, ఇప్పుడు మన చిన్నప్పుడు చూసిందే గుర్తు చేస్తా. పల్స్ పోలియో చుక్కలు వేసి పోయినాక తలుపు పక్కన గోడ మీద చాక్‌పీసుతో ఏదో రాసేవాళ్లు, గుర్తుందా? అందులో ఒక అక్షరం 'పి', ఒకటి 'ఎక్స్'. ఇంట్లో పిల్లలందరికీ చుక్కలు పడితే 'పి'. తాళం వేసున్నా, ఒక పిల్లోడు ఊరెళ్లినా, వాళ్లు వద్దన్నా 'ఎక్స్'. 'ఎక్స్' అంటే ఈ ఇంటికి మళ్లీ రావాలి అని. మిగిలిన 'ఎక్స్' ఇళ్లెన్ని, వాటిలో ఎన్ని 'పి' అయినాయి అని లెక్క చూసేవాళ్లు. ఇంట్లో దొరకనోళ్ల కోసం బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో టీంలు నిలబడేవి.

2011 జనవరి తర్వాత మన దేశంలో వైల్డ్ పోలియో కేసు రాలేదు. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతంగా సర్టిఫికెట్ వచ్చింది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. కానీ నన్నడిగితే ఆ 'ఎక్స్' గుర్తు గొప్ప డేటా డిజైన్. ఖాళీని ఖాళీ అనే రాసినారు, దాని మీద మళ్లీ పనిచేసినారు. నాలుగేళ్ల ఇంజినీరింగ్ చదివి నేను చేయలేని పని, చాక్‌పీసు పట్టుకున్న అంగన్‌వాడీ అక్క చేసింది.

సగటు చేసే మోసం

ఇప్పుడు తిరుపతికి వద్దాం. మన ఊరి ఆరోగ్యం గురించి ఎక్కువగా వాడే లెక్క జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. ఐదోది 2019-21లో జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత అని చెప్పింది. ఈ అంకె రాష్ట్రానికి పనికొస్తుంది. జిల్లాల అంకెలూ ఉన్నాయి. కానీ అవి పాత 13 జిల్లాలవి. ఆ పుస్తకంలో తిరుపతి జిల్లా అనేదే లేదు, ఎందుకంటే అది పుట్టిందే 2022 ఏప్రిల్ 4న. ఇక జీవకోనలో ఎట్లుంది, కొర్లగుంటలో ఎట్లుంది, ఎయిర్ బైపాస్ రోడ్డు అపార్టుమెంట్లలో ఎట్లుంది అని ఆ పుస్తకాన్ని అడిగితే ఏం చెప్తుంది? తిరుపతి కార్పొరేషన్‌లో 50 డివిజన్లు. అన్నిటికీ ఒకే సగటు తగిలించలేం కదా.

ఇంకో చిక్కుంది. శాతం కట్టాలంటే కింద ఒక అంకె ఉండాలి, మొత్తం ఎంతమంది అని. మన దగ్గర ఉన్న పూర్తి జనగణన 2011ది. 2021లో జరగాల్సింది వాయిదా పడింది. తర్వాతిదానికి లెక్కించే తేదీ 2027 మార్చి 1. ఈ మధ్యలో తిరుపతి ఎంత పెరిగిందో మీ కళ్లతో చూస్తున్నారు. కొండకి రోజూ వేల వేల మంది వచ్చి పోతారు. వాళ్లకి వండేవాళ్లు, గదులు ఊడ్చేవాళ్లు, ట్యాక్సీ తోలేవాళ్లు, పూలు కట్టేవాళ్లు ఇక్కడే అద్దె గదుల్లో ఉంటారు. ఓటు ఒక ఊర్లో, రేషన్ ఒక ఊర్లో, దగ్గు మాత్రం ఇక్కడ.

ఒక చిన్న లెక్క చేద్దాం, ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. ఇది ఊహించుకున్న వార్డు, నిజమైనది కాదు. వార్డులో 1,000 ఇళ్లు. 800 ఇళ్లు మంచి కాలనీలో, 200 ఇళ్లు కాలవ గట్టు మీద. సర్వే జరిగింది. కాలనీలో 760 ఇళ్లు దొరికినాయి, అంటే 95 శాతం. గట్టు మీద అందరూ పనికి పోయినారు, దొరికింది 90 ఇళ్లు, అంటే 45 శాతం. మొత్తం కలిపితే 850, అంటే 85 శాతం. పైఆఫీసులో స్క్రీన్ మీద కనపడేది ఈ 85 మాత్రమే. పచ్చ రంగు. శభాష్.

ఎవరో తెలివైనోడు, నాలాంటోడు, 'తాళం వేసిన ఇళ్లు లెక్కలోంచి తీసేద్దాం' అన్నాడనుకోండి. 850లో 850. నూటికి నూరు! గట్టు మీద 110 ఇళ్లు ఎవరూ అబద్ధం చెప్పకుండానే మాయమైపోయినాయి. మాత్రలు ఎక్కడికి పంపాలి, క్యాంపు ఎక్కడ పెట్టాలి అన్నప్పుడు ఆ స్క్రీన్ చూసే నిర్ణయిస్తారు. జబ్బు ఎక్కడ కనపడిందో అక్కడికి డబ్బు పోతుంది. కాలనీలో చూసినారు కాబట్టి బీపీలు, షుగర్లు కనపడినాయి. గట్టు మీద చూడలేదు కాబట్టి ఏమీ కనపడలేదు. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతుంది. సమన్యాయం గురించి పెద్ద పెద్ద ఉపన్యాసాలు ఉంటాయి కానీ, నాకు తెలిసి దాని మొదటి మెట్టు ఇదే. తాళం వేసిన ఇంటిని కింది అంకెలో ఉంచడం.

ఈ విషయంలో టీబీ ముక్త్ పంచాయతీ అనే పథకంలో ఒక మంచి రూల్ ఉంది. 2023 మార్చి 24న మొదలైంది. ఏడాదిలో వెయ్యి మందికి ఒక కేసు కంటే ఎక్కువ ఉండకూడదు అనేది ఒక షరతు. దీనొక్కటే పెడితే ఏమవుతుంది? పరీక్షలు మానేస్తే చాలు, కేసులు సున్నా, అవార్డు మనదే. అందుకే ఇంకో షరతు పెట్టినారు. వెయ్యి మందికి కనీసం 30 మందికైనా టీబీ పరీక్ష చేసి ఉండాలి. 'లేదు' అని చెప్పే ముందు 'వెతికినాం' అని చూపించాలి. ఆ రూల్ రాసినోళ్లకి దండం పెట్టాలనిపించింది.

అయినా అందులోనూ ఒక ముల్లుంది. బాగా వెతికే ఊరికి మొదట్లో కేసులు ఎక్కువ దొరుకుతాయి. ఆ ఏడాది అవార్డు రాదు. అట్లాంటి సర్పంచుని, ఏఎన్ఎంని మనం 'మీ ఊర్లో టీబీ పెరిగింది' అని తిట్టకూడదు. 'దొరికింది' అని చెప్పాలి. పెరగడం వేరు, దొరకడం వేరు.

మరి మా ఇంటి మీద చుక్క పెడతారా?

ఇక్కడ మీలో కొంతమందికి భయం వస్తుంది. వీధి వీధికి లెక్క తీసి మ్యాప్ పెడితే, ఫలానా ఇంట్లో టీబీ అని ఊరంతా తెలిసిపోదా? ఈ భయం న్యాయమైందే. మామకి టీబీ అని తెలిసిన రోజు ఆయన అడిగిన మొదటి ప్రశ్న 'నయమవుతుందా' అని కాదు. "ఇంటి ఓనరుకి తెలిస్తే గది ఖాళీ చెయ్యమంటాడా అల్లుడా?" అని. రెండో ప్రశ్న మెస్ గురించి. వంటమాస్టరు కదా. డాక్టరు చెప్పినట్టు మొదట్లో కొన్ని వారాలు సెలవు పెట్టినాడు, కారణం మాత్రం వేరే చెప్పినాడు.

అందుకే నా అభిప్రాయం స్పష్టంగా చెప్తా. బయటికి పెట్టే మ్యాపులో ఇల్లు కనపడకూడదు, పేరు కనపడకూడదు. వార్డు స్థాయిలో, కనీసం కొన్ని వందల ఇళ్లు కలిపి చూపించాలి. మరీ చిన్న అంకెలు ఉంటే 'ఐదు లోపు' అని రాసి వదిలెయ్యాలి, లేకపోతే ఆ ఒక్కరు ఎవరో అందరూ కనుక్కుంటారు. ఇంటి వివరం చూడాల్సింది మందిచ్చే మనిషి మాత్రమే. జనానికి ఎక్కువ తెలియాల్సింది జబ్బు లెక్క కాదు, పని లెక్క. ఎన్ని ఇళ్లు చూసినారు, ఎన్ని మిగిలినాయి, మళ్లీ ఎప్పుడు వస్తారు. దీంట్లో ఎవరి పరువూ పోదు.

మీరేం చేయొచ్చు?

ఆఖరిగా పనికొచ్చే మాటలు. ఒకటి, మీ వార్డు సచివాలయంలో హెల్త్ సెక్రటరీని గానీ, మీ వీధికొచ్చే ఆశా అక్కని గానీ మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి. మా వీధిలో మొత్తం ఇళ్లెన్ని రాసుకున్నారు? ఎన్ని చూసినారు? తాళం ఉన్న ఇళ్లకి మళ్లీ ఎప్పుడు వస్తారు? గొడవ పెట్టుకోవద్దు. ఒక్కో అక్క మీద ఎన్ని ఇళ్లు, ఎన్ని యాప్‌లు ఉన్నాయో చూస్తే మీకే జాలేస్తుంది. మీ వీధిలో ఎవరు ఏ టైంకి ఇంట్లో ఉంటారో చెప్తే, అది ఆమెకి పెద్ద సాయం.

రెండు, అద్దెకి ఉన్నోళ్లు 'మా అడ్రస్ ఇక్కడ కాదు' అని తలుపు దగ్గరే పంపేయకండి. ఉంటున్న చోటే రాయించుకోండి.

మూడు, రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం, వీటిలో ఏదున్నా సిరప్ దగ్గర ఆగిపోవద్దు. ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్ష, మందులు ఉచితం. చికిత్సలో ఉన్నంతకాలం తిండి కోసం నిక్షయ్ పోషణ్ కింద నెలకి 1,000 రూపాయలు బ్యాంకులో పడతాయి. 2024 నవంబర్ దాకా అది 500 ఉండేది. ఏ అనుమానం ఉన్నా టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

నాలుగు, ఇది నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి. ఖాళీని ఖాళీగానే ఉంచండి. మ్యాప్ మీద ఎరుపు, పచ్చతో పాటు బూడిద రంగు కూడా పెట్టండి. బూడిద రంగంటే 'మాకు తెలియదు' అని. డెమోలో బాగుండదు. పర్వాలేదు.

మామకి కోర్సు అయిపోయింది. చివరి పరీక్షలో ఏమీ లేదని వచ్చింది, ఈ సున్నా నిజమైనదే, పరీక్ష చేసి చెప్పింది. చొక్కాలు మళ్లీ బిగుతైనాయి. పాప బాగుంది. ఈ ఎపిసోడ్ చేసేముందు ఆయన్ని అడిగినా, నీ కథ చెప్పొచ్చా మామా అని. పేరు చెప్పొద్దన్నాడు. కాసేపాగి ఇంకో మాట అన్నాడు.

"మేము మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా గదిలోనే ఉంటాం అల్లుడా. భోజనాలైపోతాయి, రాత్రి పొయ్యి ఇంకా వెలిగించం. మాలాంటోళ్లు ఆ లైనంతా ఉండారు. ఆ టైంలో ఒకరన్నా వచ్చి తలుపు కొడితే తీస్తాం కదా."

ఎన్ని లక్షల లైన్ల కోడ్ రాసినా నాకు తట్టని మాట అది. మన డేటాలో 'డోర్ లాక్' అని ఉంది కానీ, తలుపు ఎప్పుడు తెరిచి ఉంటుందో రాసుకునే గడి లేదు. ఆ ఒక్క గడి పెట్టించడానికి మా వార్డు సచివాలయంలో ఒక కాగితం రాసిచ్చినా. ఏమైందో ఇంకో ఎపిసోడ్‌లో చెప్తా.

ఈ వీడియో మీ ఇంట్లో వాళ్లకే కాదు, మీ వీధిలో ఎప్పుడూ తాళం వేసి కనపడే గది ఉంటుంది చూడండి, వాళ్ల ఫోన్‌కి పంపండి. ఉంటానండీ, జాగ్రత్త.